ఫోన్లు కొట్టేసే కుర్రాడి మీద గూండాస్ వేశారు. శిక్షే పడకుండా ఏడాది జైలు ఎలా సాధ్యం?

వడపళని మెస్ అక్క (ప్రశ్న):

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లలో లాయర్లు, కోర్టు పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి. పెద్దదే రాస్తున్నా.

నేను వడపళనిలో ఆంధ్రా మెస్ నడుపుతున్నాను. మాది అద్దంకి దగ్గర. సినిమావాళ్లు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన బాపతు. మా దగ్గర అంట్లు తోమే ఆవిడది కావలి. భర్త లేడు, ఒక్కడే కొడుకు, వాడికి ఇరవై మూడేళ్లు. కోయంబేడు మార్కెట్లో మూటలు మోసేవాడు, కొన్నాళ్లు వాటర్ క్యాన్లు వేసేవాడు, మధ్యమధ్యలో ఫోన్లు కొట్టేసేవాడు. ముందే చెప్తున్నా, వాణ్ణి వెనకేసుకు రావడానికి ఈ పోస్టు పెట్టలేదు. వాడు దొంగే. రద్దీ బస్సులో జేబులోంచి లాగడం, టీ కొట్టు బల్ల మీద పెట్టిన ఫోను మాయం చెయ్యడం వాడి పని. మా క్యాషు కౌంటరు దగ్గరికి వాణ్ణి నేను ఏనాడూ రానివ్వలేదు. కానీ ఎవరి మీదా చెయ్యెత్తిన రకం కాదు. ఎవరైనా గట్టిగా అరిస్తే ఫోను అక్కడే పారేసి పరిగెత్తేవాడు.

మొదటి కేసులో తప్పు ఒప్పేసుకున్నాడు. రిమాండ్‌లో ఉన్న రోజులే శిక్షగా లెక్కేసి వదిలేశారు. తర్వాతి రెండు కేసుల్లో బెయిలు వచ్చింది, అవి ఇంకా నడుస్తున్నాయి. ఇప్పుడు నాలుగో కేసులో పట్టుకుని పుళల్ పంపారు. ఇంతవరకూ వాళ్లమ్మకు కొత్తేం కాదు. ష్యూరిటీ కోసం నా దగ్గరికే వస్తుందని నేనూ సిద్ధంగానే ఉన్నాను. తీరా వచ్చింది ష్యూరిటీ అడగడానికి కాదు. చేతికి బరువయ్యేంత కాగితాల కట్ట పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. జైల్లో ఉండగానే వాడి చేతికి ఇచ్చారట. గూండాస్ వేశారు. మన ఊళ్లలో పీడీ యాక్టు అంటామే, అదే. ఏడాది దాకా బెయిలు ఊసెత్తొద్దని ఎవరో చెప్పారట.

నాకు తమిళం చదవడం వచ్చు. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక కూర్చుని చదివాను. సగం తమిళం, సగం ఇంగ్లీషు. పాత మూడు కేసులకు ‘అడ్వర్స్ కేసులు’ అని, చివరిదానికి ‘గ్రౌండ్ కేసు’ అని పేరు పెట్టారు. ఆ గ్రౌండ్ కేసు చదువుతుంటే ఇది వీడి గురించేనా అనిపించింది. పట్టపగలు నడిరోడ్డు మీద ఒకాయనకు కత్తి చూపించి డబ్బూ ఫోనూ లాక్కున్నాడట. అడ్డొస్తే పొడుస్తానన్నాడట. జనం భయపడి పరుగులు తీశారట, కొట్లవాళ్లు షట్టర్లు దించేశారట. నిజంగానే కత్తి తీశాడేమో, నేను అక్కడ లేను. తీసి ఉంటే కోర్టులో సాక్ష్యం పెట్టి రుజువు చేసి శిక్ష వెయ్యండి, ఎవరు కాదన్నారు? ఇక్కడ విచారణ లేదు, సాక్షి లేడు, తీర్పు లేదు. ఏడాది మాత్రం ఉంది.

ఇదే చట్టం కింద పేటల్లో కత్తులు తిప్పే రౌడీలను వేస్తారు, సారావాళ్లను, డ్రగ్స్ వాళ్లను వేస్తారు. 2004లో సినిమా పైరసీవాళ్లను కూడా ఇందులో చేర్చినప్పుడు మా మెస్‌లో భోంచేసే ఎడిటర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు పండగ చేసుకున్నారు, నాకు బాగా గుర్తు. పైరసీ చేసినవాడు ‘గూండా’ ఎలా అవుతాడని అప్పుడు ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి, నాకెందుకు.

నా మట్టిబుర్రకు తోచింది ఇది. మెస్‌లో అప్పు ఖాతా రాస్తాం కదా. ఒకడు పాత బాకీ తీర్చేశాక కూడా దాన్ని కొట్టెయ్యకుండా, కొత్త బాకీ రాసిన ప్రతిసారీ పాతదంతా మళ్లీ కలిపి వసూలు చేస్తే అది వ్యాపారం అనిపించుకుంటుందా? మొదటి కేసుకు వాడు జైల్లో ఉండే వచ్చాడు. మళ్లీ ఆ కేసునే చూపించి ఇప్పుడు లోపల వేశారు.

దెబ్బలాటలు, కత్తిపోట్లు లేని చిల్లర దొంగతనాలు పదే పదే చేసేవాళ్ల విషయంలో ఈ చట్టాలు మారుస్తామని ఎవరైనా అంటున్నారా? అదలా ఉంచండి, ఈ తల్లి ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఎవరో ఒకాయన నలభై వేలు అడిగాడట. ఆవిడ కమ్మలు తాకట్టు పెడతానంటోంది. నేనే ఆపాను.

రిచీ వీధి సెల్ స్పేర్స్:

అక్కా, మీ ఉప్పు తిన్నవాణ్ణే, మీ గోంగూర కోసం మౌంట్ రోడ్డు నుంచి వచ్చేవాణ్ణి. కానీ ఈ విషయంలో మీ పక్షాన లేను.

మాది చిత్తూరు. రిచీ వీధిలో సెల్ స్పేర్ పార్టుల షాపు. ఒకే మనిషి నా షాపులో మళ్లీ మళ్లీ దొంగతనం చేశాడు. డిస్‌ప్లేలు, పవర్ బ్యాంకులు, ఒకసారి కస్టమర్ రిపేరుకు ఇచ్చిన ఫోను. కెమెరాలో మొహం కనపడుతోంది, పేరు తెలుసు, ఇల్లు తెలుసు. ప్రతిసారీ నెల తిరక్కుండానే బయటికొచ్చి అదే వీధిలో నా ఎదురుగా టీ తాగుతాడు. నేనేమో సాక్షి సమను పట్టుకుని షాపు మూసుకుని కోర్టు వరండాలో నిలబడాలి, వాయిదా పడిందని విని తిరిగి రావాలి. దొరికిన ఫోను కూడా కేసు ప్రాపర్టీ అని కోర్టులో ఉండిపోయింది. దాన్ని విడిపించుకోవడానికి నేను పిటిషన్ వేసుకోవాలట. ఆ కస్టమర్‌కు కొత్త ఫోను నా జేబులోంచి కొనిచ్చాను.

చెయ్యెత్తలేదు అంటున్నారు. బస్సులో ఫోను పోగొట్టుకున్నవాడు చాలాసార్లు మీ అంట్లావిడ లాంటివాడే. జీపే, బ్యాంకు ఓటీపీ, డెలివరీ యాప్ అన్నీ అందులోనే ఉంటాయి. ఫోను పోతే మర్నాడు డ్యూటీ లేదు. దాన్ని ‘చిల్లర’ అనొద్దు.

చివరికి వాడి మీద గూండాస్ వేశాకే మా వీధి ప్రశాంతంగా ఉంది. ఆ ఒక్క ఏడాదీ.

సైదాపేట కోర్టు పక్షి:

క్రిమినల్ సైడు ప్రాక్టీసు, మాది సూళ్లూరుపేట. ఇద్దరికీ కలిపి చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

అమ్మా, మీరు చదివింది ఆర్డర్‌తో పాటు ఇచ్చే బుక్‌లెట్. ఆ షట్టర్లు దించడం, జనం పరుగులు తియ్యడం వగైరా ప్రతి బుక్‌లెట్‌లోనూ ఇంచుమించు అవే మాటల్లో ఉంటాయి. ఎందుకు రాస్తారో చెప్తాను. ఇది 1982 నాటి తమిళనాడు 14వ నంబరు చట్టం. అందులో గూండా అంటే ఐపీసీ 16, 17, 22 అధ్యాయాల్లోని నేరాలు అలవాటుగా చేసేవాడు. 16లో హత్యలు, గాయాలు ఉంటాయి. 17లో దొంగతనం ఉంటుంది. కాబట్టి పొడిచినవాడూ జేబు కొట్టినవాడూ నిర్వచనంలో పక్కపక్కనే కూర్చుంటారు. శిక్ష పడి ఉండాలన్న షరతు లేదు, కేసులుంటే చాలు. కానీ ఒక్క మెలిక ఉంది. వాడి పనులు ‘పబ్లిక్ ఆర్డర్’కు భంగం కలిగించాలి, అంటే జనజీవనం చెదిరిపోవాలి. మామూలు దొంగతనం శాంతిభద్రతల సమస్యే తప్ప పబ్లిక్ ఆర్డర్ సమస్య కాదని సుప్రీంకోర్టు చాలా ఏళ్లుగా చెబుతోంది. జేబులోంచి ఫోను లాగితే ఏ షట్టరూ దిగదు. అందుకని గ్రౌండ్ కేసులోకి ఒక కత్తి రావాలి. మీ కుర్రాడి కేసులో కత్తి నిజమో కాదో నాకు తెలియదు. కాగితం మీద దాని అవసరం ఏమిటో మాత్రం తెలుసు.

ఇది శిక్ష కాదు, ముందుజాగ్రత్త నిర్బంధం. అందుకే విచారణ ఉండదు. ఆర్డర్ ఇచ్చిన 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. తర్వాత ఆర్డర్ సబబేనా అని చూసే అడ్వైజరీ బోర్డు ముందుకు వెళ్తుంది. అక్కడ లాయర్‌ను రానివ్వరు. లాయర్ కాని బంధువో స్నేహితుడో సాయంగా ఉండొచ్చు. బోర్డు సరేనంటే గరిష్ఠంగా 12 నెలలు.

ఇప్పుడు ఆ తల్లి చెయ్యాల్సింది. ముందు నలభై వేలు అడిగినాయనకు దణ్ణం పెట్టి పంపెయ్యండి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది, 1987 నాటి చట్టం ప్రకారం అది హక్కు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు. లేకపోతే నేరుగా హైకోర్టు ఆవరణలో ఉన్న లీగల్ సర్వీసెస్ కమిటీ దగ్గరికి వెళ్లండి. రెండోది, వెంటనే ప్రభుత్వానికి ఒక రిప్రజెంటేషన్, అంటే ఆర్డర్ రద్దు చెయ్యమనే వినతిపత్రం, పంపించాలి. తల్లి పేరుతో అయినా సరే, రిజిస్టర్ పోస్టులో. దాన్ని పట్టించుకోకుండా ఆలస్యం చేసి, ఆ ఆలస్యానికి కారణం చెప్పలేకపోతే అదొక్కటే చాలు ఆర్డర్ కొట్టెయ్యడానికి. ఆ తర్వాత నిర్బంధం చెల్లదు, మనిషిని విడిపించండి అని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, మేము హెచ్‌సీపీ అంటాం.

ఇంకొకటి అడగాలి. ఆ కుర్రాడికి తమిళం చదవడం వచ్చా? కావలిలో చదువుకున్నవాడికి వచ్చే అవకాశం తక్కువ. మాట్లాడటం కాదు, చదవడం. నిర్బంధించిన కారణాలు నిర్బంధితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 1962లోనే హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి ఈ మాట చెప్పింది. ఆయనకు హిందీ మాత్రమే వచ్చు, కాగితాలు ఇంగ్లీషులో ఇచ్చారు, వివరించి చెప్పామన్నారు. అది చాలదంది కోర్టు. చెన్నైలో తెలుగు కుర్రాళ్ల కేసుల్లో నేను మొదట చూసేది ఇదే.

ఇలాంటి లోపాల మీద ఇక్కడ బోలెడన్ని ఆర్డర్లు రద్దవుతుంటాయి. సంతోషించాల్సిన విషయమేం కాదు. పిటిషన్ విచారణకు వచ్చేసరికి సగం కాలం లోపలే గడిచిపోతుంది. కాపీ మసకగా ఉందనో, తర్జుమా లేదనో ఆర్డర్ పోతుంది తప్ప, వాడు గూండానా కాదా అన్నది ఎవరూ తేల్చరు. రేఖ కేసు మన చెన్నైదే, కాలం చెల్లిన మందులకు కొత్త లేబుళ్లు వేసి అమ్మారన్న ఆరోపణ. మామూలు చట్టాలు సరిపోయే చోట ఈ నిర్బంధం వాడకూడదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలంగాణలో గొలుసు దొంగతనాల మీద వేసిన పీడీ ఆర్డర్‌ను 2024 మార్చిలో కొట్టేస్తూ, అడ్వైజరీ బోర్డులు ఊరికే ముద్ర వేసే పని చెయ్యకూడదని కూడా అంది. అయినా ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) జైలు లెక్కలు తీస్తే ఇలా నిర్బంధంలో ఉన్నవాళ్ల సంఖ్యలో తమిళనాడు ఏళ్ల తరబడి పైవరసలోనే కనిపిస్తుంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఒకటే.

రిచీ వీధి అన్నా, మీ బాధ నాకు రోజూ కనపడేదే. కానీ మీరే రాశారు చూడండి, ప్రతిసారీ వాయిదా పడింది అని. మొదటి కేసు ఆరు నెలల్లో తేలి చిన్నదో పెద్దదో శిక్ష పడి ఉంటే? కేసులు నడపలేక, నడపకుండా, వాటిని లెక్కపెట్టి గూండాస్ వేస్తున్నారు. ఆ లెక్క ఎలా పెరుగుతుందో కూడా వినండి. ఒకణ్ణి ఒక కేసులో పట్టుకుంటారు. జైల్లో ఉండగానే వేరే స్టేషన్లవాళ్లు వచ్చి తమ దగ్గర తేలని ఫోన్ కేసులన్నింటిలో ‘ఫార్మల్ అరెస్ట్’ చూపిస్తారు, జైలు నుంచి తమ కోర్టుకు రప్పించే పీటీ వారెంట్ తెస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు ఒక కేసు, నెల తిరిగేసరికి ఐదు. లోపలే కూర్చుని ఎలా అలవాటుపడిన నేరస్తుడయ్యాడో వాడికే తెలియదు.

ఐపీసీ బదులు బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ అని కొత్త చట్టాలు వచ్చి మారిందా అంటే, 2024 జులై నుంచి ఒక మంచీ మూడు చెడ్డలూ. మంచి ఏమిటంటే, 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి, సొమ్ము తిరిగిచ్చేస్తే జైలు బదులు సమాజసేవ. రెండోసారి శిక్ష పడిందంటే మాత్రం కనీసం ఏడాది కఠిన కారాగారం, ఐదేళ్ల దాకా వెయ్యొచ్చు. దొంగిలించింది రెండు వేల ఫోనైనా జడ్జికి ఏడాది కంటే తగ్గించే వీలు లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే బీఎన్‌ఎస్ 112 కింద ‘చిన్న వ్యవస్థీకృత నేరం’, ఏడాది నుంచి ఏడేళ్లు. అసలు దెబ్బ బీఎన్‌ఎస్‌ఎస్ 479లో ఉంది. విచారణ ఖైదీగా గరిష్ఠ శిక్షలో సగం, మొదటిసారివాడైతే మూడో వంతు గడిపితే బెయిలు ఇవ్వాలని పైన చెప్పి, ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉన్నవాడికి ఇది వర్తించదని కింద రాశారు. చిల్లర దొంగల్లో ఒకే కేసు ఉన్నవాణ్ణి నాకు చూపించండి.

నన్నడిగితే మార్చాల్సింది ఈ లెక్కపెట్టే పద్ధతి. ఆయుధం వాడినట్టు కోర్టులో రుజువు కాని దొంగతనాలను గూండా నిర్వచనంలోంచి తీసెయ్యాలి. 479లోని ఆ రెండో భాగం పోవాలి. రెండోసారికి కనీస శిక్ష అన్నది జడ్జికి వదిలెయ్యాలి.

వడపళని మెస్ అక్క:

లాయరు గారూ, వాడు కావలిలో ఏడో తరగతి. తమిళం గడగడా మాట్లాడతాడు, బస్సు బోర్డు మాత్రం నంబరు చూసి ఎక్కుతాడు. వాళ్లమ్మకు అసలే రాదు. ఆ కట్టలో తెలుగు ముక్క ఒక్కటి లేదు, మళ్లీ తిరగేసి చూశాను. వాడి సంతకం మాత్రం తెలుగులోనే ఉంది!

రిచీ వీధి తమ్ముడూ, కోప్పడకు. చిల్లర అన్నది ఫోను విలువ గురించి కాదులే. నా ఫోను కూడా ఒకసారి టి.నగర్ రంగనాథన్ వీధిలో పోయింది. అందులో మా అమ్మ మాట్లాడిన వాయిస్ మెసేజ్‌లు ఉండేవి. ఆ రోజు ఎవడైనా దొరికి ఉంటే నేనే నాలుగు పీకేదాన్ని. ఏడాది జైలు వెయ్యమని మాత్రం అనేదాన్ని కాదు. నాలుగు నెలలు వెయ్యమనేదాన్నేమో.

షోలింగనల్లూరు రిటర్న్:

శాన్ హోసేలో చాలా ఏళ్లు ఉండి వచ్చాను, ఇప్పుడు ఓఎంఆర్‌లో ఉద్యోగం. ఇలా లెక్కపెట్టే పద్ధతి ముదిరితే ఏమవుతుందో కాలిఫోర్నియాలో చూశాం కాబట్టి రాస్తున్నా.

అక్కడ 1994లో ‘త్రీ స్ట్రైక్స్’ చట్టం తెచ్చారు. అంతకుముందు ఏడాది పాలీ క్లాస్ అనే పన్నెండేళ్ల పాపను ఇంట్లోంచి ఎత్తుకెళ్లి చంపేశారు. చంపినవాడు పాత నేరస్తుడు. జనం రగిలిపోయారు, ఎవరైనా రగిలిపోతారు. ఇంతకుముందు రెండు తీవ్రమైన నేరాలు ఉన్నవాడు మూడోసారి ఏ ఫెలనీ (అక్కడ చిన్న నేరాల కంటే పై తరగతి నేరం) చేసినా 25 ఏళ్ల నుంచి యావజ్జీవం. మెలిక ఎక్కడంటే, మూడోది తీవ్రమైనది కానక్కర్లేదు. లియాండ్రో ఆండ్రేడ్ అనే ఆయన 1995లో రెండు కేమార్ట్ షాపుల్లో తొమ్మిది వీడియో క్యాసెట్లు దొంగిలించాడు. మొత్తం విలువ 150 డాలర్ల చిల్లర. పాత ఇళ్ల దొంగతనాల కేసులున్నాయి కాబట్టి ఒక్కో షాపుకు ఒక 25 చొప్పున, కనీసం 50 ఏళ్లు. 2003లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో అది సరే అంది. హంతకుడి మీద కోపంతో తెచ్చిన చట్టం క్యాసెట్ల దొంగను పట్టుకుంది.

మార్చింది కూడా ఓటర్లే. 2012లో ప్రొపోజిషన్ 36 పెట్టి, మూడోది కూడా తీవ్రమైనదో హింసాత్మకమైనదో అయితేనే ఆ శిక్ష అన్నారు. దాదాపు 69 శాతం మంది అవునన్నారు. అప్పటికే లోపలున్నవాళ్లు శిక్ష తగ్గించమని కోర్టుకు వెళ్లే వీలు కల్పించారు. 2014లో 950 డాలర్ల లోపు దొంగతనాన్ని చిన్న నేరంగా మార్చారు.

రిచీ వీధి సార్‌కు నచ్చే భాగం ఇప్పుడొస్తుంది. తర్వాత షాపుల్లో దొంగతనాల గోల మొదలైంది. మందుల షాపుల్లో సబ్బులు, టూత్‌పేస్టులు కూడా గాజు బీరువాల్లో పెట్టి తాళం వేశారు. 2024లో మళ్లీ ఓటింగ్ పెట్టి, పాత దొంగతనం కేసులు రెండు ఉంటే చిన్న దొంగతనాన్నైనా ఫెలనీగా పెట్టొచ్చని మార్చేశారు. దాని నంబరు కూడా 36 కావడం తమాషా. మూడింట రెండొంతుల మంది దానికీ అవునన్నారు. అంటే సంస్కరణ తెచ్చిన తర్వాత షాపువాడి గోడు పట్టించుకోకపోతే లోలకం వెనక్కి వచ్చేస్తుంది. అక్కడ కనీసం ఇది మార్చాలా వద్దా అని ప్రజల్ని అడిగారు. ఇక్కడ గూండాస్‌లో ఇంకో కేటగిరీ చేర్చినప్పుడల్లా మనకు పేపర్లో వార్తే.

పెరంబూరు మాస్టారు:

రిటైర్డ్ తెలుగు టీచర్ని. మాది బాపట్ల దగ్గర స్టువర్టుపురం. ఊరి పేరు చెప్పగానే ఇక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ ఒక నవ్వు నవ్వి జేబు తడుముకుంటారు. అలవాటైపోయింది లెండి.

1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911 తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. మా ఎరుకలవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం ఒకటి, ఆ కుర్రాడి కావలిలో ఒకటి. మా తాత ఏ దొంగతనమూ చెయ్యలేదు. పుట్టడమే కేసు. హాజరు పలకాలి, పొరుగూరు వెళ్లాలంటే పాసు తీసుకోవాలి. స్వతంత్రం వచ్చాక మద్రాసులో ఆ చట్టం తీసేసి 1948లో హ్యాబిచువల్ అఫెండర్స్ చట్టం పెట్టారు. దేశమంతటా 1952లో రద్దయింది. కులం పేరు పోయింది, ‘అలవాటుపడిన నేరస్తుడు’ అన్న పేరు మిగిలింది. స్టేషన్లో రిజిస్టరూ మిగిలింది.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష మీద సుకన్య శాంత కేసులో తీర్పు ఇస్తూ ఈ సంగతి ఎత్తింది. ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్లను పుట్టుకను బట్టి అలవాటుపడిన నేరస్తులుగా చూసే నిబంధనలు చెల్లవంది. చదివి చాలాసేపు కూర్చున్నాను.

అమ్మా, ఆ పిల్లవాడిది ఏ కులమో నేను అడగను. లాయరు గారు అడగాల్సి రావచ్చు, రిప్రజెంటేషన్లో పనికొస్తుందేమో ఆయనకు తెలుసు. బుక్‌లెట్‌లో తెలుగు లేదని రాసేటప్పుడు స్కూలు రికార్డు జతచెయ్యండి. ఏడో తరగతి టీసీ కావలి స్కూల్లో దొరుకుతుంది. ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన హెడ్మాస్టర్లు ఉన్నారు, స్కూలు పేరు ప్రైవేటు మెసేజ్‌లో పంపించండి.

రిచీ వీధి సెల్ స్పేర్స్:

మాస్టారూ, నమస్కారం. మీతో వాదన లేదు.

లాయర్ సార్, మీరు చెప్పినట్టు మొదటి కేసు ఆరు నెలల్లో తేలిస్తే నాకు గూండాస్ అక్కర్లేదు, రాసిస్తా. కానీ తేల్చేదెవరు? చట్టం మార్చడం ఒక్క రోజు పని, కోర్టులు నడపడం రోజూ చెయ్యాల్సిన పని. మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. అప్పుడు నష్టపోయేది నేను. ఆ కాలిఫోర్నియా సార్ చెప్పింది అదే కదా. సమాజసేవ అంటున్నారు, నా డిస్‌ప్లేలు కొట్టేసినవాడు మా వీధి ఊడిస్తే నేనూ చూస్తాను, సరే. ఇంతవరకూ ఎవరూ ఊడవగా చూడలేదు.

ఇంకో సందేహం. అన్ని కేసుల్లోనూ శిక్ష పడితే అన్నీ కలిపి ఒకేసారి అనుభవిస్తే సరిపోతుందట కదా? అంటే పది దొంగతనాలకు ఒకదాని రేటేనా?

సైదాపేట కోర్టు పక్షి:

అన్నా, రూలు దానికి తలకిందులు. వేర్వేరు కేసుల్లో పడిన శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, కలిపి నడవాలని జడ్జి ప్రత్యేకంగా రాస్తే తప్ప. పాత సీఆర్‌పీసీలో 427, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 467. ఆ ఒక్క వాక్యం రాయకపోతే ఏమవుతుందో ఇక్రామ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో కరెంటు పరికరాల దొంగతనం కింద తొమ్మిది కేసులు, ఒక్కోదానికి రెండేళ్లు. తప్పు ఒప్పుకున్నాడు కూడా. కలిపి అనుభవించాలని ఎవరూ రాయలేదు కాబట్టి మొత్తం 18 ఏళ్లు అయ్యింది. హైకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తొమ్మిదీ ఏకకాలంలో నడవాలని చెప్పి బయటపడేసింది. అప్పటికి మూడేళ్లు లోపలున్నాడు. హత్య చేసి యావజ్జీవం పడినవాళ్లే 14 ఏళ్లకు విడుదల కోసం దరఖాస్తు పెట్టుకుంటున్నారు, ఇతనికేమో 18.

పదికీ ఒకటే రేటు అని నేననను. ఎనిమిదో దొంగతనానికి మొదటిదానికంటే ఎక్కువ పడాలి, అందులో తేడా లేదు. ఎంత ఎక్కువ అన్నది ఎదురుగా ఉన్న మనిషిని, పోయిన సొమ్మును, మీలాంటి బాధితుణ్ణి చూసి జడ్జి చెప్పాలి, కేసుల సంఖ్య చెప్పకూడదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో సెక్షన్ 4 ఉంది. పాత శిక్ష ఉన్నా సరే, జైలుకు పంపకుండా బాండు రాయించుకుని ప్రొబేషన్ ఆఫీసర్ నిఘా కింద పెట్టొచ్చు, బాధితుడికి పరిహారం కూడా ఇప్పించొచ్చు. మీ కస్టమర్ ఫోను డబ్బులు అలా రాబట్టే దారి ఉందన్నమాట. అడిగే లాయరూ తక్కువ, ఇచ్చే కోర్టూ తక్కువ. మీ ఫోను ఇంకా కోర్టులోనే ఉంటే కేసు నంబరు పంపండి. రిటర్న్ ఆఫ్ ప్రాపర్టీ పిటిషన్ పెద్ద పనేం కాదు, ఫీజు బదులు అక్క మెస్‌లో భోజనం పెట్టించండి.

అమ్మా, మీరు బుక్‌లెట్ ఎవరికీ ఒరిజినల్ ఇవ్వొద్దు, మొత్తం జిరాక్సు తీయించండి. వాడికి అది ఇచ్చినప్పుడు పెట్టిన సంతకం పేజీ, దాని మీద తేదీ స్పష్టంగా రావాలి. ‘చదివి వినిపించాం’ అని ఎక్కడైనా రాసుకున్నారేమో చూసి ఆ పేజీకి గుర్తు పెట్టండి. వాళ్లమ్మ ఆధార్, మాస్టారు చెప్పిన టీసీ. జైల్లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఖాళీ వకాలత్ మీద వాడి సంతకం జైలరు అటెస్ట్ చేసి ఇస్తారు, ఫారం నేనిస్తాను. హెచ్‌సీపీ తల్లి పేరు మీదే వేస్తాం. బుధవారం సాయంత్రం కోర్టు అయ్యాక మీ మెస్‌కే వస్తాను.

వడపళని మెస్ అక్క:

రండి బాబూ. వకాలత్ ఫారం రెండు తీసుకురండి, అంట్ల దగ్గర తడిచిపోతుందని ఆవిడ ఇప్పట్నుంచే కంగారు పడుతోంది. మాస్టారూ, స్కూలు పేరు మీకు మెసేజ్ పెట్టాను. టీసీలో పుట్టిన తేదీ తప్పు పడిందట, ఆధార్‌తో కలవదు. దానికేమైనా ఇబ్బందా?

సైదాపేట కోర్టు పక్షి:

భాష కోసం వాడుతున్నాం కాబట్టి తేదీ గొడవ పెద్దది కాదు. తల్లి చేత ఒక అఫిడవిట్ వేయిద్దాం. టీసీ ఆలస్యమైతే దాని కోసం ఆగొద్దు, రిప్రజెంటేషన్ రేపే పోస్టులో పడాలి. రసీదు జాగ్రత్త.